కోల్‌కతాలో దిగిపోండి

రాయదుర్గంలో మా ఆఫీసుకి వచ్చి ఉదయ్ భాస్కర్ ఎక్కడ కూర్చుంటాడని అడిగితే ఎవరూ వెంటనే చెప్పలేరు. విమానం టికెట్లు చవగ్గా తీసిపెట్టే ఆయనెక్కడ అని అడిగితే మాత్రం సెక్యూరిటీ అతను కూడా లేచి వచ్చి నా సీటు చూపిస్తాడు. కొత్త సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టుకోవడం నా ఉద్యోగం. అందులో ఇన్నేళ్ళుగా నాకు ఒక్క మెచ్చుకోలూ రాలేదు. టికెట్ల విషయంలో మాత్రం మా మేనేజర్ కూడా నా కుర్చీ దగ్గరికి వచ్చి నిలబడతాడు. మనిషికి గౌరవం ఎక్కడ దొరికితే అక్కడే కాపురం పెడతాడు కదా, నేనూ అలాగే పెట్టాను.

నా విజయాల గురించి అడిగితే చాలా చెప్తాను. మా టీములోని మహేశ్‌కి పెళ్ళైన కొత్తలో అండమాన్ టికెట్లు సగం ధరకే తీసిచ్చాను. మధ్యలో చెన్నై విమానాశ్రయంలో ఒక పగలంతా ఇనప కుర్చీల్లో కూర్చోవాల్సి వచ్చిందన్న సంగతి నేను చెప్పను. మహేశ్ భార్య చెప్తుంది. ఆవిడ ఇప్పటికీ నన్ను చూస్తే మొహం పక్కకి తిప్పుకుంటుంది.

మా అత్తగారు పుణ్యవతి తెనాలిలో రిజిస్ట్రేషన్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. కొన్నేళ్ళుగా మదీనాగూడలో మాతోనే ఉంటున్నారు. ఆవిడ గుంటూరులో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో ఒకే గదిలో ముగ్గురు ఉండేవారట. ఉమాశ్రీగారు పెళ్ళయ్యాక కోల్‌కతా వెళ్ళిపోయారు, భర్తది రైల్వే ఉద్యోగం. హైమావతిగారు భువనేశ్వర్లో స్థిరపడ్డారు. పోయినేడు ఉమాశ్రీగారి భర్త చనిపోయారు. అప్పుడు మా అత్తగారికి కంటి ఆపరేషనై వెళ్ళలేకపోయారు. ఆ బాధ ఆవిడకి అలాగే ఉండిపోయింది.

ఒక ఆదివారం ఇడ్లీలు తింటుంటే ఆవిడే కదిపారు.

“బాబూ, ముందు కోల్‌కతా, అక్కణ్ణుంచి భువనేశ్వర్, అక్కణ్ణుంచి ఇంటికి. ఓ పూట చూసి టికెట్లు తీసేయండి. ఎంతైతే అంత నా పెన్షన్లోంచి ఇస్తాను.”

ఎంతైతే అంత! ఆ మాట నాకు గుచ్చుకుంది. వంటవాడి దగ్గరికి వెళ్ళి ఉప్పెంతైనా పర్లేదు అన్నట్టుంది.

“మీరు ఆ విషయం నాకు వదిలెయ్యండి అత్తయ్యగారూ. మీకు రైలు ఖర్చులో విమానం ఎక్కిస్తాను,” అన్నాను.

నా భార్య రసజ్ఞ నా వైపు ఒక చూపు చూసింది. పన్నెండేళ్ళ కాపురంలో ఆ చూపుకి అర్థం నాకు తెలుసు. తెలిసినా ఉపయోగం ఉండదు.

ఆ రోజే మొదలుపెట్టాను. ఇంట్లో ల్యాప్‌టాప్, ఆఫీసు ల్యాప్‌టాప్, నా ఫోను, రసజ్ఞ ఫోను, నాలుగింటిలో నాలుగు బుకింగ్ సైట్లు తెరిచాను. మనం ఒకే టికెట్టు పదేపదే చూస్తే సైటు పసిగట్టి ధర పెంచేస్తుందని నా గట్టి నమ్మకం. అందుకని ప్రైవేట్ విండోలో చూస్తాను, చూసినవన్నీ చెరిపేస్తాను, ఎవరో వెంటపడుతున్నట్టు ఒక సైట్లోంచి ఇంకో సైట్లోకి దూకుతాను. ఒకసారి ఎర్రక్షరాలతో “ప్రస్తుతం ఈ విమానాన్ని నలుగురు చూస్తున్నారు” అని వచ్చింది. ఎవరో కొనేసేలోపు కొనేద్దామా అని చెమటలు పట్టించుకున్నాను. కాసేపయ్యాక తట్టింది, ఆ నలుగురూ నేనేనని.

మూడు టికెట్లు విడివిడిగా చూస్తే ఒక ధర. మూడూ కలిపి మల్టీ సిటీ అని చూస్తే ఇంకో ధర. భువనేశ్వర్ ముందు, కోల్‌కతా తర్వాత పెడితే మరో ధర. మంగళవారం బయల్దేరితే తక్కువ, కానీ ఆ మంగళవారం అమావాస్య, అత్తగారు కదలరు. అన్నీ కుదిరి డబ్బు కట్టే పేజీకి వెళ్ళేసరికి సౌకర్య రుసుమని, సీటుకింతని, నేను అడక్కుండానే టిక్కు పెట్టిన బీమా అని కలిపి ధర మళ్ళీ మొదటికొచ్చేది. ఒక బ్యాంకు కార్డుంటే మంచి తగ్గింపు ఉందని ఆ కార్డుకి దరఖాస్తు పెట్టాను. కార్డొచ్చింది. అది వచ్చేసరికి ఆఫరు వెళ్ళిపోయింది.

అలా వారాలు గడిచాయి. నేను రోజూ “రేపు తగ్గుతుంది” అనేవాణ్ణి. మర్నాడు కొంచెం పెరిగేది. పెరిగినప్పుడు కొనడం అవమానం కాబట్టి మళ్ళీ తగ్గేదాకా ఆగేవాణ్ణి.

“ఉమ పిన్ని రోజూ అమ్మకి ఫోన్ చేస్తోంది, ఎప్పుడొస్తున్నావని,” అంది రసజ్ఞ ఒక సాయంత్రం. “ఆవిడ బ్యాంకు పనికి తప్ప గడప దాటడం లేదట. అమ్మ వెళ్తేనైనా కాస్త మనుషుల్లో పడుతుందని వాళ్ళబ్బాయి అంటున్నాడు. నువ్వు ఏ రేటైనా సరే తీసెయ్యరాదూ?”

“ఇంకొక్క నాలుగు రోజులు. ఇప్పుడు కొంటే మోసపోయినట్టే.”

“ఎవరు మోసం చేస్తున్నారు ఉదయ్?”

నా లెక్కలో విమాన సంస్థలన్నీ కలిసి నన్నొక్కణ్ణే మోసం చెయ్యడానికి రోజూ పొద్దున్నే సమావేశమవుతున్నాయి.

చివరికి ఆఫీసు క్యాంటీన్లో మధ్యాహ్నం అన్నం తింటూ ఆ అద్భుతాన్ని కనుక్కున్నాను. హైదరాబాద్ నుంచి కోల్‌కతాకి టికెట్ ధర మండిపోతోంది. కానీ అదే విమానం కోల్‌కతాలో కాసేపాగి గువాహటి వెళ్తుంది. గువాహటి దాకా తీసుకుంటే టికెట్టు అంతకంటే చవక! దూరం ఎక్కువ, ధర తక్కువ. గువాహటికి తీసుకుని, కోల్‌కతాలో విమానం ఆగగానే దిగిపోతే సరిపోతుంది. దాంతోపాటు కోల్‌కతా నుంచి భువనేశ్వర్, భువనేశ్వర్ నుంచి హైదరాబాద్ కూడా ఒకే బుకింగ్‌లో కలిపితే ఇంకాస్త తగ్గింది. నాకు కళ్ళు చెమర్చాయి. ఎదురుగా ఉన్న మహేశ్‌కి ఫోన్ చూపించాను.

మహేశ్‌ది బోరబండ. చెంచా పక్కన పెట్టి నిదానంగా చదివాడు.

“ఏందన్నా ఇది? గువాహటికి టికెట్ తీస్కొని అత్తమ్మ కోల్‌కతాల దిగుతదా? గిట్ల నడుస్తదా?”

“ఎందుకు నడవదు? మియాపూర్ దాకా టికెట్ తీసుకుని అమీర్‌పేటలో దిగితే మెట్రోవాళ్ళు పట్టుకుంటారా?”

“ఇది మెట్రో కాదన్నా. పెద్దామె పరేషాన్ అయితది. జర సోంచాయించు.”

“నువ్వు ఫికర్ చెయ్యకు,” అన్నాను వాడి భాషలోనే. వాడు అండమాన్ గుర్తొచ్చినట్టు ఒక చూపు చూసి పెరుగన్నం కలుపుకున్నాడు. నేను అక్కడే డబ్బు కట్టేశాను. షరతులన్నీ చదివానని ఒక గడిలో టిక్కు పెట్టమంటే పెట్టాను. ఇతరుల సాఫ్ట్‌వేర్లో తప్పులు వెతికి జీతం తీసుకునేవాణ్ణి, ఆ పేజీలో ఒక్క ముక్క చదవలేదు.

ఇంటికొచ్చి అత్తగారికి పథకం వివరించాను.

“టికెట్ మీద గువాహటి అని ఉంటుంది. మీరు పట్టించుకోకండి. కోల్‌కతాలో దిగిపోండి.”

ఆవిడ కళ్ళజోడు సవరించుకున్నారు.

“కాగితం మీద ఒక ఊరు, దిగేది ఇంకో ఊరా బాబూ? మా ఆఫీసులో ఇలాంటి పని చేస్తే సస్పెండ్ చేసేవారు.”

“ఇందులో తప్పేం లేదండీ. కాకపోతే ఒక్కటే జాగ్రత్త. సామాను కౌంటర్లో ఇవ్వకూడదు, ఇస్తే అది గువాహటి వెళ్ళిపోతుంది. చేతిసంచి ఒక్కటే తీసుకెళ్ళండి.”

“సరే,” అన్నారు ఆవిడ, సరే కానట్టు.

ప్రయాణం రోజు పొద్దున్నే శంషాబాద్ తీసుకెళ్ళాను. చేతిసంచి కారులోంచి దించుతుంటే నా భుజం పట్టేసింది.

“ఇందులో ఏముందండీ?”

“నాలుగు చీరలు, ఉమకి చిన్న రోలు. దానికి మిక్సీ పచ్చడి గొంతు దిగదు. అక్కడ ఇలాంటిది దొరకదంటే కొన్నాను. మీరు సంచి ఒక్కటే అన్నారు కదా, సంచిలోనే పెట్టాను.”

రాతి రోలు. పొత్రంతో సహా. నాకు అప్పుడైనా బుర్ర పనిచెయ్యాల్సింది. కానీ గేటు దగ్గర జనం, వెనక కార్ల హారన్లు, పైగా చవక టికెట్టు తీసిన మత్తు. చెయ్యూపి పంపించేసి, కారు పార్కింగ్‌లో పెట్టి, కాఫీ తాగుతూ కూర్చున్నాను. ఫోన్ మోగింది.

“బాబూ, లోపల మెషీన్లో సంచి చూసి పోలీసతను రాయి పైకి తీసుకెళ్ళకూడదన్నాడు. దాంతో ఎవరినైనా కొట్టొచ్చట. వెనక్కి కౌంటర్ దగ్గరికి పంపారు. అక్కడొక అమ్మాయి ఎంతో మర్యాదగా సంచి తీసుకుని చీటీ ఇచ్చింది. దాని మీద జి, ఏ, యు అని ఉంది.”

కాఫీ చేదెక్కింది. అది గువాహటి.

“అత్తయ్యగారూ, ఆ అమ్మాయినే అడగండి, కోల్‌కతాలోనే సామాను దించమని.”

“అడిగాను. టికెట్ ఎక్కడికైతే సామానూ అక్కడికే అంది. మీరు కోల్‌కతాలో ఎందుకు దిగుతారు మేడమ్ అని అడిగింది.”

“మీరేం చెప్పారు?”

“మా అల్లుడుగారు దిగమన్నారు అని చెప్పాను. ఆ అమ్మాయి నవ్వింది.”

నేను వెంటనే రెండు దారులు చెప్పాను. ఒకటి, సంచి సంగతి మర్చిపోయి కోల్‌కతాలో దిగిపోవడం, తర్వాత ఫిర్యాదు చేసి తెప్పించుకోవడం. రెండోది చెప్పేలోపే ఆవిడ అడ్డుపడ్డారు.

“సంచి వదిలేసి దిగడమేంటి? నేను గువాహటే వెళ్తాను. టికెట్ ఉంది కదా.”

“అక్కడ మనకెవరూ తెలీదండీ.”

“విమానం ఎక్కమంటున్నారు, పెట్టేస్తాను,” అని పెట్టేశారు.

ఔటర్ రింగురోడ్డు ఎక్కకుండా కారు పక్కన ఆపి విమాన సంస్థ సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. చాలాసేపు సంగీతం విన్నాక ఒకమ్మాయి పలికింది. మా అత్తగారు గువాహటి వెళ్తున్నారని, అక్కణ్ణుంచి ఏదోలా కోల్‌కతా చేరితే అక్కడ భువనేశ్వర్ విమానం ఎక్కొచ్చా అని అడిగాను.

“ఎక్కొచ్చు సర్. మేడమ్ మొదటి టికెట్ పూర్తిగా వాడుతున్నారు కాబట్టి ఏ ప్రాబ్లమూ లేదు.”

“ఒకవేళ కోల్‌కతాలోనే దిగిపోయి ఉంటే?”

“ఒకే బుకింగ్ కదా సర్. మధ్యలో ఏ భాగం వదిలేసినా తర్వాతవన్నీ వాటంతటవే క్యాన్సిల్ అయిపోతాయి. షరతుల్లో రాసి ఉంటుంది. మీకింకేమైనా సహాయం కావాలా సర్?”

అక్కర్లేదన్నాను. ఆ అమ్మాయి చెయ్యగలిగింది అప్పటికే చేసింది. అంటే నా పథకం నేను చెప్పినట్టే జరిగి ఉంటే మా అత్తగారు కోల్‌కతాలో టికెట్లు లేకుండా నిలబడేవారు. ఆవిణ్ణి నా తెలివి నుంచి కాపాడింది ఆ రాయి. ఈ సంగతి ఇంట్లో ఇప్పుడే చెప్పక్కర్లేదని నిర్ణయించుకున్నాను.

గువాహటి నుంచి కోల్‌కతాకి ఆ సాయంత్రం విమానాలు చూశాను. కళ్ళు తిరిగే ధరలు. మర్నాటికి చూశాను. అగర్తల మీదుగా వెళ్తే కాస్త తక్కువ. అలా కారులోనే కూర్చుని, ఎండలో, ఫోన్‌కి చార్జర్ పెట్టి వెతుకుతుంటే రసజ్ఞ ఫోన్ చేసింది. ఆఫీసు నుంచి.

“అమ్మ ఇప్పుడే కోల్‌కతాలో విమానంలో కూర్చుని ఫోన్ చేసింది. అంతా చెప్పింది. నువ్వేం చేస్తున్నావ్?”

“అగర్తల మీదుగా...”

“ఉదయ్.”

“ఊఁ.”

“అమ్మ తెలీని ఊళ్ళో దిగబోతోంది. ముందు రాత్రికి ఎక్కడుంటుందో చూడాలి. నేను చూస్తాను, నువ్వు ఆ ఫోన్ పక్కన పెట్టి ఇంటికెళ్ళు.”

తను హోటల్ బుక్ చేసింది. ఎంతసేపట్లో అనుకున్నారు? నేను టోల్ గేటు దాటేలోపు. ఒక్క సైటే చూసిందట. మరుసటి రోజు తగ్గుతుందేమోనని కూడా ఆగలేదట. విమానాశ్రయానికి కారు పంపమని హోటల్ వాళ్ళతో మాట్లాడింది కూడా.

మధ్యాహ్నం మా అత్తగారే వీడియో కాల్ చేశారు. హోటల్ గది కిటికీలోంచి పెద్ద నది కనిపిస్తోంది. ఆవిడ మొహంలో నేను ఊహించిన కంగారేమీ లేదు.

“బాబూ, బ్రహ్మపుత్రట. అవతలి ఒడ్డు ఎంత దూరంలో ఉందో చూడండి.”

“అత్తయ్యగారూ, రేపటికి కోల్‌కతా టికెట్ చూస్తున్నాను, ఒకటి రెండు దారులున్నాయి...”

“చూడొద్దు. ఉమనే ఇక్కడికి రమ్మన్నాను.”

నేను, పక్కనే ఉన్న రసజ్ఞ మొహమొహాలు చూసుకున్నాం. అప్పటికి తను కూడా ఇంటికొచ్చేసింది.

“ఉమ పిన్ని వస్తానందా?” అంది రసజ్ఞ.

“ముందు రానంది. నేనెక్కడికీ వెళ్ళడం లేదే, నాకు ఓపిక లేదు, నువ్వే రా అంది. నీ రోలు ఇక్కడుంది, కావాలంటే వచ్చి తీసుకెళ్ళు, నేను మళ్ళీ మొయ్యలేను అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. నేనూ ఫోన్ పెట్టలేదు. తర్వాత, రైలు ఎన్నింటికో కనుక్కుంటాను అంది.”

ఉమాశ్రీగారి భర్తతో పనిచేసిన రైల్వే స్నేహితుడెవరో ఆ రాత్రి బండిలో బెర్తు ఇప్పించారట. వాళ్ళబ్బాయి స్టేషన్‌కి తీసుకెళ్ళి ఎక్కించాడు. రైలు కదిలేదాకా ఆవిడ దిగిపోతుందేమోనని అతనికి అనుమానమేనట. దిగలేదు.

రెండు రోజుల తర్వాత ఆఫీసులో మీటింగ్ జరుగుతుండగా నా ఫోన్లో ఒక ఫోటో వచ్చింది. మర పడవ మీద ఇద్దరు ఆడవాళ్ళు. మా అత్తగారు కెమెరా వైపు చూస్తున్నారు. పక్కనున్నావిడ కెమెరా వైపు చూడటం లేదు, గాలికి ఎగిరే చెంగు పట్టుకోలేక నోరారా నవ్వుతోంది. నేను ఉమాశ్రీగారిని అంతకుముందు చూడలేదు. కానీ గడప దాటని మనిషి అని వారాల తరబడి వింటున్నాను. వింటూ, ధర తగ్గనీ అని ఆపుతున్నాను. నా ముందు తెరమీద ఎవరో ఏదో గ్రాఫు చూపిస్తున్నారు. నాకేమీ కనపడలేదు.

కామాఖ్య గుడి చూసి, పడవ ఎక్కి, అక్కడి చేపల కూర తిని, ఇద్దరూ కలిసి రైల్లో కోల్‌కతా వెళ్ళారు. అక్కడ వారం రోజులున్నారు. భువనేశ్వర్ విమానానికి ఇంకా రెండు రోజులుందనగా ఉమాశ్రీగారే నాకు ఫోన్ చేశారు.

“నేను ఉమనండీ. నాకూ భువనేశ్వర్‌కి ఒక టికెట్ తీసిపెడతారా? పుణ్యవతి వెళ్ళే విమానంలోనే. హైమని చూసి పదేళ్ళు దాటింది. డబ్బు మా అబ్బాయి పంపిస్తాడు.”

“తప్పకుండానండీ.”

సైటు తెరిచాను. ధర చూసి అలవాటుగా గుండె మండింది. ఆవిడ ఒక రోజు ఆలస్యంగా వెళ్తే మూడో వంతు తగ్గుతుంది. రాంచీ మీదుగా వెళ్తే ఇంకా తక్కువ. ఫోన్ పట్టుకుని అలా ఉండిపోయాను. రసజ్ఞ ఎదురుగా చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ నన్నే గమనిస్తోంది. అదే విమానం నొక్కాను. పక్కపక్క సీట్లు కావాలంటే అదనంగా కట్టమంది. సీటుకి డబ్బు కట్టేవాళ్ళని నేను జీవితమంతా ఎగతాళి చేశాను. కట్టాను. మర్నాడు అదే టికెట్ ధర బాగా తగ్గింది. చూడకుండా ఉండాల్సింది. చూశాను.

అత్తగారు తిరిగొచ్చిన రాత్రి నేనే శంషాబాద్ వెళ్ళాను. కాస్త నల్లబడ్డారు, పదేళ్ళు తగ్గినట్టున్నారు. ఉమాశ్రీగారు ముందురోజే కోల్‌కతా వెళ్ళిపోయారట. కారెక్కిన దగ్గర్నుంచీ హైమావతిగారి తోట గురించి, పూరీ సముద్రం గురించి, ముగ్గురూ రాత్రిళ్ళు ఒకే గదిలో పడుకోవడం గురించి చెప్తూనే ఉన్నారు. ఔటర్ మీదికి వచ్చాక మామూలుగా అడిగారు.

“అవునూ బాబూ, ఒక మాట అడగాలనుకుంటున్నాను. ఆ రోజు మీరు చెప్పినట్టు నేను కోల్‌కతాలోనే దిగిపోయుంటే ఎలా ఉండేది?”

బాగానే ఉండేదండీ అని చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

“మిగతా టికెట్లన్నీ రద్దయిపోయేవి అత్తయ్యగారూ. షరతుల్లో ఉంది. నేను చదవలేదు. మీరు ఎక్కాక ఫోన్ చేస్తే తెలిసింది.”

ఆవిడ నా వైపు తిరిగి చూశారు. కోప్పడతారనుకుని స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాను. ఆవిడ కోప్పడలేదు. ముందు చిన్నగా, తర్వాత కొంగు నోటికడ్డం పెట్టుకుని, తర్వాత అదీ వదిలేసి నవ్వడం మొదలుపెట్టారు. కళ్ళు తుడుచుకుంటూ సంచిలోంచి ఫోన్ తీసి నంబరు కలిపారు.

“ఉమా, ఇంకా పడుకోలేదుగా? మా అల్లుడుగారు ఇప్పుడో విషయం చెప్పారు, విను. ఉండు, హైమని కూడా కలుపుతాను, మళ్ళీ మళ్ళీ చెప్పలేను.”

గచ్చిబౌలి వచ్చేదాకా కారులో ముగ్గురు ఆడవాళ్ళ నవ్వులు వినిపిస్తూనే ఉన్నాయి. మధ్యలో హైమావతిగారు, “ఆయన పక్కనే ఉన్నారా ఏంటే?” అని అడిగారు. “ఉన్నారు, బండి నడుపుతున్నారు,” అన్నారు అత్తగారు. “నమస్కారమండీ,” అన్నాను నేను, రోడ్డు వైపే చూస్తూ.